లేత గులాబీ రంగు

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి యేడు. ఉర్దూలో సైన్సు చదివి తాండూరు బడిలో చేరిన ఉపాధ్యాయులలో అప్పటికి మిగిలింది తాజ్ మొహమ్మద్ ఒక్కడే. తక్కినవారిని తనిఖీల పేరిట ఒక్కొక్కరినే సాగనంపారు. తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరుకు ఆనాటి పాఠం నచ్చితే కొలువు ఖాయం. లేకుంటే భార్య షరీఫా సామాను సర్దుకోవలసిందే.

పాఠం ఆమ్లపు గాఢత కనుక్కోవడం. వికారాబాదు నుంచి రైల్లో తెప్పించిన స్వేదనజలంతో తాజ్ మొహమ్మద్ క్షారం కలిపి, గీతలున్న బ్యూరెట్టు గొట్టంలో నింపాడు. ఇన్‌స్పెక్టరు మాత్రం తాను తెచ్చిన ఆమ్లాన్ని బడి కుండలోని బావినీళ్లతో పలుచన చేసి, కొలిచి ఫ్లాస్కులో పోశాడు. తాండూరులో ఏ బిందె అడుగు చూసినా సున్నపు పొరే. ఆ నీళ్లు ఆమ్లాన్ని కొంత విరిచేస్తాయని, క్షారం తక్కువే పడుతుందని తాజ్ మొహమ్మద్‌కు తెలుసు; వారించేలోగానే ఆ పని అయిపోయింది.

పిల్లలందరూ చూస్తుండగా తాజ్ మొహమ్మద్ ఫ్లాస్కులో సూచిక వేసి, చుక్కచుక్కగా క్షారం దింపాడు. ఆమ్లమంతా విరిగాక, మాయమవకుండా నిలిచే తొలి లేత గులాబీ దగ్గరే ఆగాలని ఏళ్ల తరబడి వాళ్లకు నూరిపోసినవాడు. అక్కడే ఆగాడు. పద్దెనిమిదిన్నర మిల్లీలీటర్లు.

ఇరవై రావాలన్నాడు ఇన్‌స్పెక్టరు. మళ్లీ చేసినా పద్దెనిమిదిన్నరే.

“కుడి నుంచి ఎడమకు చదివిన రసాయనం కదండీ, లెక్క వెనక్కే నడుస్తుంది మరి,” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

“బావినీళ్లల్ల సున్నమున్నది సార్. స్వేదనజలంతోని కలిపి జర మళ్ల చూస్తే...”

“అంటే, తప్పు నాదంటారా?”

తాజ్ మొహమ్మద్ కాదన్నాడు. తన చెయ్యే వణికి ఉంటుందన్నాడు. మూడోసారి మొదలుపెట్టి, లేత గులాబీ వచ్చినా ఆగలేదు. రంగు చిక్కబడి, ఫ్లాస్కు నిండా ముదురు ఎరుపు పరచుకునేదాకా వదిలాడు. ఇరవై.

ఇన్‌స్పెక్టరు తృప్తిగా తలాడించి మధ్యాహ్నపు బండి అందుకున్నాడు. కొలువు ఖాయమైంది.

మర్నాడు ప్రయోగం పిల్లల వంతు. తరగతిలో అందరికన్నా నిదానంగా, శుభ్రంగా చేసే భీమమ్మ ఫ్లాస్కు తెచ్చి చూపింది. ముదురు ఎరుపు.

“గింత ఎరుపైందేంది బిడ్డా?”

“నిన్న మీరు ఆగినకాడనే ఆగిన, సార్.”

ఆ పిల్ల ముఖంలో వెటకారం లేదు. తాజ్ మొహమ్మద్ ఫ్లాస్కును వెలుతురుకేసి ఎత్తి చాలాసేపు చూశాడు.

“మంచిగున్నది,” అన్నాడు. “కడిగి పెట్టు.”