వెనక బ్రేకు

పంక్చరు వేయించుకొస్తానని పొద్దున బండి తీసుకుని వెళ్ళిన మనిషి మధ్యాహ్నానికి నడుచుకుంటూ ఇల్లు చేరాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. కుట్టుమిషను తొక్కుతున్న భార్య కాలు ఆపి, "బండేదండీ?" అంది.

"మీ తమ్ముడి షెడ్లోనే ఉంది. టైరు మార్చాలట. బ్రేకులు కూడా..." అంటూ మొగుడు నీళ్ళు నమిలాడు. ఎంతవుతుందో చెప్పడానికి మాత్రం నిజంగానే చెంబెడు నీళ్ళు తాగాల్సొచ్చింది. ఆ అంకె విన్నాక ఆవిడకి కళ్ళు బైర్లు కమ్మాయి.

ఎందుకు కమ్మవు? బట్టల అంచులు పోగులు లేవకుండా కుట్టే ఓవర్‌లాక్ మిషను కోసం ఆవిడ కడుపు కట్టుకుని కూడబెట్టిన డబ్బు కూడా దాదాపు అంతే. ఈ వారంలో ఆ మిషను ఇంట్లో దిగితే, దగ్గర్లోని బడిపిల్లల యూనిఫారాలన్నీ ఆవిడే కుట్టొచ్చు. దిగకపోతే ఆ పని ఇంకొకరికి పోతుంది. కూతురి పెళ్ళి మాటలంత గుట్టుగా, బేరమాడి మరీ ఖాయం చేసుకున్న పని అది.

"పంక్చరుకని వెళ్ళి సగం బండి మార్పించుకొస్తారా? అసలెలా తోలుతున్నారు? ఈ వయసులో కుర్రాళ్ళతో పందేలేమైనా కాస్తున్నారా?"

ఆయన ఫొటోలకి ఫ్రేములు కట్టే కొట్లో అద్దాలు కోస్తాడు. ఎంత పల్చటి అద్దాన్నయినా పెచ్చు ఊడకుండా కోస్తాడని పేరు. పెళ్ళాం కోపం ముందు మాత్రం ఆ నేర్పేమీ పనికిరాలేదు. "రోడ్లు బాగోలేవే" అని నసిగాడు.

"రోడ్లు బాగోకపోతే నడుములు అరుగుతాయి గానీ బ్రేకులు అరుగుతాయా? పదండి. మీ సంగతీ, వాడి సంగతీ అక్కడే తేల్చేస్తాను."

తమ్ముడికి పొట్ట వచ్చింది, నెత్తి మీద జుట్టు పోయింది. అయినా అక్కకి వాడింకా బుడ్డోడే. షెడ్లో అడుగు పెడుతూనే, "ఏరా బుడ్డోడా, తోడబుట్టినదాన్ని కూడా ముంచుతావట్రా?" అని అందుకుంది.

"నా కూలి ఒక్క పైసా వేసుకోలేదే అక్కా. సామాన్ల ఖరీదే అంత. నమ్మకపోతే ఇలా వచ్చి చూడు." విప్పి పడేసిన వెనక చక్రాన్ని వాడు ముందుకు దొర్లించాడు. టైరు వాడి నెత్తిలాగే నున్నగా ఉంది. లోపల బ్రేకు పట్టీలు పూర్తిగా అరిగిపోయి ఇనుము బయటపడింది. ఆ ఇనుము రాసుకుని రాసుకుని, పట్టీలు ఒరుసుకునే చక్రం గిన్నెను కూడా గీకి పారేసింది. "పట్టీలతో పోయేది కాస్తా గిన్నె దాకా వచ్చింది. ఇక ముందు బ్రేకు చూడు, కొత్త పెళ్ళికూతురిలా ఎలా ఉందో! వాడక వాడక దాని వైరు తుప్పు పట్టి బిగుసుకుపోయింది. అదీ మార్చాలి. బావ ముందు బ్రేకు ముట్టుకోడు. బండి మొత్తం వెనక బ్రేకు మీదే లాగిస్తాడు. చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది. ఇంకొన్నాళ్ళు ఇలాగే తిరిగుంటే ఈ బండి ఎక్కడా ఆగేది కాదు."

ఆవిడ గిరుక్కున మొగుడి వైపు తిరిగింది. "ఎందుకు ముట్టుకోరు?"

 

"నువ్వు వెనక కూర్చుంటావు కదే" అన్నాడాయన, గోడకున్న పాత ట్యూబుల వంక చూస్తూ. "ఆ రోజు ఇసక మీద నేను ముందు బ్రేకే వేశాను."

ఏ రోజని అడగబోయి ఆగిపోయింది. నాలుగేళ్ళ కిందటి మాట. మలుపులో ఎవరో ఇల్లు కట్టుకుంటూ పోయించిన ఇసక. బండి జారింది, ఇద్దరూ పడ్డారు. ఆయనకి మోచెయ్యి గీరుకుంది, ఆవిడకి కుడి మణికట్టు విరిగింది. కట్టు విప్పేదాకా మిషను మీద దుప్పటి కప్పే ఉంది. ఆవిడ "పోన్లెండి, ఎముకేగా, అతుక్కుంటుంది" అంది. అతుక్కుంది కూడా. ఆ తర్వాత ఆ సంగతే మరిచిపోయింది. ఆయన మరిచిపోలేదన్నమాట. నాలుగేళ్ళుగా ఒక్క ముక్క కూడా పైకి అనకుండా, ఆ భయాన్ని కాలి కింద తొక్కిపట్టి బండి నడుపుతున్నాడు.

ఆవిడకి ఆ మనిషి మీద ఒక్కసారిగా ఎంత ప్రేమ పొంగుకొచ్చిందంటే, తిట్టడానికి తెరిచిన నోటిని ఏం చెయ్యాలో తోచలేదు.

"అన్నీ కొత్తవి వేసెయ్యరా" అంది తమ్ముడితో. "ముందుదానికి వైరు కూడా."

"వద్దే" అన్నాడు మొగుడు కంగారుగా. "బండి కొన్నాళ్ళు ఇక్కడే పడుంటుంది. నేను బస్సులో వెళ్తాను. నువ్వు మిషను కొనుక్కో. యూనిఫారాల పని పోతుంది."

"పోతే పోయింది. ఊరుకోండి, నాకు ఏడుపొచ్చేలా ఉంది." ఊరుకోండి అన్నది ఆవిడే, ముక్కు ఎగబీల్చిందీ ఆవిడే. బుడ్డోడు తెలివైనవాడు, గబగబా స్పానరు వెతుక్కోవడంలో పడ్డాడు.

పొద్దు వాలేసరికి బండి తయారైంది. "రెండు బ్రేకులూ ఒకసారి వేసి చూడు బావా" అన్నాడు తమ్ముడు. ఆవిడ అప్పటికే వెనక ఎక్కి కూర్చుంది.

"నువ్వు దిగు. ఒక్కణ్ణే చూసుకొస్తాను."

"దిగను."

"మాట వినవే..."

"వినను. పోనివ్వండి."

షెడ్డు ముందున్న ఖాళీ జాగాలో ఆయన బండిని నడకంత నెమ్మదిగా పోనిచ్చాడు. చివరిదాకా వెళ్ళాక వేళ్ళు ముందు బ్రేకు మీద పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి, మెల్లగా నొక్కాడు. బండి బుద్ధిగా ఆగింది. ఆవిడ ముందుకు జారి ఆయన వీపుకి గుద్దుకుంది.

ఆయన బ్రేకు వంక చూడలేదు, చక్రం వంక చూడలేదు. మెడ మొత్తం వెనక్కి తిప్పి, "చెయ్యి ఎలా ఉందే?" అన్నాడు.

"మీ నడుం చుట్టే ఉందండీ" అందావిడ. "ఇంకోసారి వెయ్యండి."