ఎండకు ఒక వేలు

"ఇవాళ నీళ్లు ఇంకో రెండు వేళ్లు తగ్గాయి," అంది అత్తయ్య వంటగది గుమ్మంలో నిలబడి. చెప్పి ఊరుకోకుండా రెండు వేళ్లు జోడించి చూపించింది కూడా.

టీ తాగుతున్న మావారు నా వైపు చూశారు.

"విన్నావుగా. నీళ్లు నిలవని గుంట మనకెందుకు? ఆదివారం మట్టి లారీని రమ్మన్నాను. పూడ్చేసి ట్రాక్టరుకి షెడ్డు వేద్దాం."

"షీటు ఎక్కడో చిరిగింది. అతుకు వేస్తే నిలుస్తాయి," అన్నాను.

"ఎక్కడ చిరిగిందో తెలిస్తే కదా అతుకు! సరే, ఆదివారం లోపల నిలబెట్టు. లేకపోతే లారీ."

వాళ్లు గుంట అంటారు. నేను కొలను అంటాను. ఇంటి వెనక కూరమళ్ల పక్కన, కప్పు మీద పడిన వాన పైపులోంచి వచ్చి చేరేలా తవ్వించి, అడుగున నల్ల రబ్బరు షీటు పరిపించాను. ఈ ఇంట్లో గోడల రంగు నుంచి గిన్నెల స్టాండు దాకా అన్నీ నేను రాకముందే ఉన్నవి. ఇదొక్కటే నేను అడిగి చేయించుకున్నది. అత్తయ్యకు మొదటి నుంచీ నచ్చలేదు. "కోరి దోమల్ని కాపురానికి పిలుస్తావా?" అంది. చేపపిల్లలు వదిలాక దోమలు పోయాయి, ఆ మాటా పోయింది. ఇప్పుడు నీళ్లు తగ్గడం దొరికింది. రోజూ పొద్దున్నే ఆవిడ లేచి వెళ్లి చూసి రావడం, వేళ్లు చూపించడం.

మా తోటికోడలు పళ్ల డాక్టరు దగ్గర పనిచేస్తుంది. వెనక గదుల్లో ఉంటారు వాళ్లు. సంగతి విని, సాయంత్రం క్లినిక్ నుంచి సూది లేని సిరంజి ఒకటి తెచ్చింది.

"అక్కా, గ్లాసులో పాలు పట్రా."

"చేపలకి పాలు పోస్తావా?"

"చేపలకి కాదు, చిల్లుకి. నీళ్లు బయటికి పోతుంటే పాలు కూడా అటే పోవాలి కదా?"

ఇద్దరం గట్టు మీద బోర్లా పడుకున్నాం. తను సిరంజి నీళ్లలో ముంచి షీటు వెంబడి ఒక్కో చుక్క వదులుతోంది. పాలు మబ్బులా విచ్చుకుని అక్కడే నిలబడిపోతున్నాయి. జానెడు జరగడం, ఇంకో చుక్క. మోచేతులు మండిపోతున్నాయి. బల్లపరుపు రాయి దగ్గరకు వచ్చేసరికి మబ్బు కాస్తా సాగింది. దారంలా సన్నబడి, ఎవరో లాగుతున్నట్టు షీటులోకి దూరిపోయింది.

"తాగేస్తోంది!" అని అరిచాం ఇద్దరం ఒకేసారి.

వేలితో తడిమితే తగిలింది, గోరంత చీలిక. నేను ఆగలేకపోయాను. చిల్లు కిందికి దిగేదాకా నీళ్లు తోడేసి, గుడ్డతో తుడిచి, సైకిలు పంక్చరు జిగురుతో చిన్న ముక్క అతికించి, మళ్లీ నీళ్లు పెట్టేశాను.

"మూడు వేళ్లు," అంది అత్తయ్య మర్నాడు, సంతోషాన్ని దాచుకునే ప్రయత్నమేమీ చేయకుండా. నా అతుకు నీళ్ల మీద ఆకులా తేలుతోంది. దాని కింద ఒక చేపపిల్ల నీడకు చేరింది.

తోటికోడలు ఆ ముక్కను రెండు వేళ్లతో ఎత్తి చూసి పెదవి విరిచింది. "తడి మీద అతికించావు. పన్ను పూడ్చేటప్పుడు డాక్టరుగారు ఏం చేస్తారు? ముందు శుభ్రం, తర్వాత గరుకు, తర్వాత ఆరబెట్టడం. తడి ఉంటే బంగారం పెట్టినా ఊడిపోతుంది. నోట్లో దూది ఊరికే కుక్కుతారనుకున్నావా?"

"మాట్లాడనివ్వకుండా ఉండటానికి అనుకున్నాను."

"నీ విషయంలో అదీ ఒక కారణమే."

ఆ రోజు తను సెలవు పెట్టింది. నీళ్లు ఇంకా కిందికి తోడి, షీటు మీద పాచి గీకి, ఎండకు వదిలేశాం. నలుపు ఆరి బూడిదరంగులోకి వచ్చాక అసలు సంగతి బయటపడింది. చిల్లు ఒకటి కాదు. చీలికకు అటూ ఇటూ పావలా బిళ్లంత గుండ్రటి గాట్లు. కొన్ని తెగాయి, కొన్ని ఒత్తుకుని సొట్టలు పడి ఆగిపోయాయి.

"ఎలుకలా?" అన్నాను.

"ఎలుక కొరికితే అంచు రంపంలా ఉంటుంది. ఇంత గుండ్రంగా కొరికే పన్ను నేనింతవరకు చూడలేదు." ఎనిమిదేళ్లుగా ఊళ్లోవాళ్ల నోళ్లన్నీ చూస్తున్న మనిషి మాట అది.

"పీతా? కొంగ ముక్కా?"

"కొంగ అయితే కొలనంతా పొడుస్తుంది కదా. ఇవి చూడు, ఈ ఒక్క చోటే. వరస కూడా వంకగా ఉంది."

నిజమే. చిల్లులన్నీ నెలవంకలా వంగిన గీత మీద ఉన్నాయి, పిల్లలు వృత్తలేఖినితో గీసినట్టు. ఆ వంక మధ్య నుంచి వెనక్కి చూస్తే బల్లపరుపు రాయి. అంటే ఎవరో ఆ రాయి మీద నిలబడి, కదలకుండా, చెయ్యి చాచి పొడిచారు. ఎవరు? ఎందుకు? రాత్రి పక్క మీద వాలినా అదే ఆలోచన. కొలను మీద ఎవరికి ఇంత కసి?

పొద్దున వంటగది కిటికీ దగ్గర గిన్నెలు కడుగుతుంటే పెరట్లో టకటకమని చప్పుడు. అత్తయ్య చేతికర్ర. ఆవిడ తిన్నగా కొలను దగ్గరకు వెళ్లి, చీర కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, రాయి మీదకు ఎక్కింది. కర్రను ముందుకు చాచి దించింది. నీళ్లు తగల్లేదు. ఇంకొంచెం వంగి గట్టిగా పొడిచింది. ఇంకా అనుమానం తీరక పక్కన మరోటి పొడిచి, కర్రను పైకెత్తి తడి ఎంతవరకుందోనని కళ్లు చికిలించి చూసుకుంది.

కర్ర చివర రబ్బరు తొడుగు లేదు. గుండ్రటి ఇనుప గొట్టం అంచు ఎండకు తళుక్కుమంది.

కడుగుతున్న గిన్నె దించేశాను. పక్కన ఎప్పుడొచ్చిందో, తోటికోడలు గొంతు తగ్గించి అంది. "పిల్లను చంకలో పెట్టుకుని ఊరంతా వెతికాం కదక్కా."

ఇద్దరం వెళ్లాం. కొత్తగా పడిన సొట్ట వైపు చూశాను, కర్ర చివర వైపు చూశాను. అత్తయ్య కూడా నా చూపు వెంటే చూసింది. తర్వాత కర్రను చీర చాటుకు తీసుకుంది, పిల్లలు బెల్లం ముక్క దాచుకున్నట్టు.

"నేను కొలవడం మొదలుపెట్టకముందే తగ్గుతున్నాయి నీళ్లు," అంది.

"ఎండకు తగ్గి ఉంటాయి అత్తయ్యా."

"ఎండకే అని నీకెలా తెలుసు? కొలిచావా?"

ఆవిడ అడిగింది దెబ్బలాటకే కావచ్చు, కానీ ప్రశ్న మాత్రం మంచిదే. మధ్యాహ్నమంతా, షీటు గరుకుపెట్టి, స్పిరిట్‌తో తుడిచి, మిగిలిన షీటు నుంచి మూలలు లేకుండా గుండ్రటి ముక్క కత్తిరించి, రెండువైపులా అంటుకునే టేపుతో చిల్లులన్నీ కప్పేలా అతికించి, గాజుసీసాతో మధ్య నుంచి అంచులకు దొర్లిస్తూ ఆ ప్రశ్న గురించే ఆలోచించాను. కొలను నింపాక, ఒక బకెట్టు నిండా నీళ్లు పోసి కొలను పక్కనే ఎండలో పెట్టాను.

"ఇదెందుకు?" అంది వరండాలోంచి అత్తయ్య.

"బకెట్టుకి చిల్లు లేదు కదా. అది ఎంత తగ్గితే అంత ఎండ తాగినట్టు. కొలను అంతకంటే ఎక్కువ తగ్గితే అతుకు ఓడినట్టు. ఆదివారం పొద్దున మీరే చూసి చెప్పండి."

"నేనా?" అంది. "నేను చెబితే నీకు నమ్మకమేనా?"

"రోజూ మీరు చెబితేనే కదా మీ అబ్బాయి లారీని పిలిచింది."

ఆదివారం మావారు ఫోను చేతిలో పట్టుకునే వచ్చారు. లారీ బయల్దేరే ముందు అవునో కాదో చెప్పాలట. తోటికోడలు క్లినిక్ స్టూలుకున్న రబ్బరు తొడుగు ఒకటి అడిగి తెచ్చి కర్రకు బిగించింది గానీ, అత్తయ్య కర్రను రాయికి ఆనించి వదిలేసింది. నా భుజం పట్టుకుని వంగి, బకెట్టు అంచు దగ్గర నేను గీసిన గీత కింద వేలు అడ్డంగా పెట్టింది. తర్వాత కొలనులో, అతుకు అంచున గీసిన గీత కింద అదే వేలు. మళ్లీ బకెట్టు. చేపపిల్లలు వేలి చుట్టూ మూగి చూస్తున్నాయి.

"ఏమంటావమ్మా? రమ్మననా?" అన్నారు మావారు.

"ఎవర్ని?"

"లారీని! నువ్వే కదా నీళ్లు నిలవట్లేదన్నది?"

"తగ్గుతున్నాయన్నాను. పూడ్చమన్నది నువ్వు." ఆవిడ నిటారుగా నిలబడి తడి వేలు చీర చెంగుకు తుడుచుకుంది. "ఆ షెడ్డేదో ముందు వైపు వేసుకో."

"ఇంతకీ తగ్గాయా లేదా?"

అత్తయ్య కర్ర చేతిలోకి తీసుకుంది. ఇంటివైపు తిరిగాక, మా ఎవరి వైపూ చూడకుండా ఒక్క వేలు ఎత్తి చూపించింది.

"ఒక వేలు," అంది. "ఎండకి."