బడి ముందు స్పీడ్ బ్రేకర్

“నెత్తురు ఆరకముందే కడిగెయ్యి ఆయమ్మా, తనిఖీకి పెద్దసారు వచ్చేస్తున్నారు!” హెడ్మాస్టరు గేటు లోపలి నుంచే కేకేశాడు.

కంకర లారీ రెండో తరగతి పిల్ల కాలు నలిపేసి ఆగకుండా పోయింది. పిల్లని ఆసుపత్రికి మోసుకెళ్ళారు. ఆయమ్మ బక్కెట్టు నీళ్ళు పోసి చీపురందుకుంది. లోపల కుర్చీలకు తెల్లగుడ్డలు తొడుగుతున్న హడావుడి చూసి ఇంకా గట్టిగా రుద్దింది.

పెద్దసారు ముక్కుకి రుమాలు అడ్డంపెట్టుకుని రోడ్డు చూశాడు. “పిల్లలు చూసుకుని దాటాలమ్మా” అన్నాడు. టీ తాగి వెళ్ళాడు. మర్నాడు పంచాయతీ మనుషులిద్దరొచ్చి రోడ్డుకడ్డంగా సున్నపు నీళ్ళతో చారలు గీశారు. ఒక్క వానకే ఆ చారలు మురిక్కాలవలో కలిశాయి.

ఒకప్పుడు అక్కడ స్పీడ్ బ్రేకరుండేది. కారు అడుగు గీసుకుంటోందని కంకర కాంట్రాక్టరు దాన్ని పీకించేశాడు.

చారలు కొట్టుకుపోయిన సాయంత్రం కూలీల అడ్డా దగ్గర ఆడవాళ్ళు గుమిగూడారు. దెబ్బతిన్న పిల్ల తల్లి స్లాబుపనిలో తట్టలు మోస్తుంది.

“ఇంకో అర్జీ పెడదాం” అన్నాడు ఓ తాపీమేస్త్రి.

“పెట్టు బాబాయ్. దాంతో వాళ్ళు చెయ్యి తుడుచుకుంటారు!” తల్లి గయ్యిమంది. “ఊరందరి ఇళ్ళకీ స్లాబులేశాం. మన పిల్లల ముందు జానెడెత్తు సిమెంటు వేసుకోలేమా?”

“వేస్తే నా కొలువు ఊడుద్దే” అంది ఆయమ్మ.

“ఊడితే తట్ట నేనిస్తా, రా పిన్నీ!”

అందరూ నవ్వారు. ఆయమ్మ మాత్రం నవ్వలేదు. కానీ ఆదివారం పొద్దున బడి గేటూ నీళ్ళ కుళాయీ తెరిచింది ఆవిడే. ఆడవాళ్ళు స్లాబుకి నిలబడ్డట్టే వరసగా నిలబడ్డారు. తట్ట చేతులు మారుతూ పోయింది. రోడ్డుకడ్డంగా లేచిన సిమెంటు గట్టుని మేస్త్రి తాపీతో నున్నగా తీర్చాడు.

అప్పుడుగానీ ఎవరికీ గుర్తుకు రాలేదు, సిమెంటు ఇంకా పచ్చిగా ఉందని. స్లాబైతే ఎత్తున ఉంటుంది, దాన్నెవడూ తొక్కడు. ఇది నడిరోడ్డు.

“చక్రం ఎక్కిందంటే ముద్దే” అన్నాడు మేస్త్రి.

“అయితే ఎక్కనివ్వం” అంటూ ఆయమ్మ సిమెంటు ముందు చతికిలబడింది. ఆమె పక్కన తల్లి, ఆ వెనక అందరూ.

కంకర లారీ ఒకటి వచ్చి ఆగింది. వెనకే కారులో కాంట్రాక్టరు, జీపులో ఎస్సై దిగారు.

“ఎవరిచ్చారే పర్మిషను?” అన్నాడు కాంట్రాక్టరు.

“పీకినప్పుడు మీకిచ్చినోళ్ళే” అంది ఆయమ్మ.

“ఆయమ్మా, ఉద్యోగం చూసుకో!” కబురు విని వచ్చిన హెడ్మాస్టరు గేటు దగ్గర నుంచి అరిచాడు.

“చూశానయ్యా. రోడ్డు మీది నెత్తురు కడగడమేగా! ఇంక కడగను.”

కాంట్రాక్టరు లారీ డ్రైవరు మీద విరుచుకుపడ్డాడు. “పోనియ్‌రా! అవే లేస్తాయి!”

డ్రైవరు ఇంజను ఆపాడు. కిందికి దిగి తాళంచెవి కాంట్రాక్టరు చేతిలో పెట్టాడు. “మీరే ఎక్కించండి సార్.”

కాంట్రాక్టరు లారీ ఎక్కలేదు. ఎస్సై మాత్రం ఆడవాళ్ళని రెక్కలు పట్టి జీపులోకి తోశాడు. ఖాళీ అయిన చోటల్లా వీధి చివర నుంచి పరిగెత్తుకొచ్చిన తల్లులు వచ్చి కూర్చున్నారు. ఒకామె ఇంకా చేతిలో గరిటెతోనే ఉంది.

జీపు కదిలింది. ఆయమ్మ వెనకవైపు నుంచి తల బయటపెట్టి అరిచింది.

“తడిగోనెలు కప్పండే! ఎండిందంటే పగుళ్ళిస్తది!”

“తడిగోనెలు కప్పండి!” రోడ్డంతా ఒక్క గొంతై అందుకుంది.