నా బదులు చెయ్యి ఊపు

రువైస్ రేవు ఎడంపక్కన ఉంది. ఆ రేవు రాతికట్ట చివర పెర్సిస్ నిలబడి ఉంటుంది. ఆమె మొగుడు సైలస్ మాత్రం ఓడను నడిపించే బ్రిడ్జి మీద నిలబడి కుడివైపే చూస్తున్నాడు.

పెళ్ళయిన నెలకే అతను ఓడెక్కాడు, ఆమె రువైస్‌లో నర్సుగా చేరింది. ఓడ ఆ ఒడ్డు చుట్టి బహ్రెయిన్ వెళ్తుందే గాని అక్కడ ఆగదు. నాలుగింటికి సైలస్ వాచ్, అంటే ఓడ నడిపే డ్యూటీ, దిగుతాడు, ఆ వెంటనే రువైస్ ఎదురుగా వస్తుంది. బైనాక్యులర్స్ పట్టుకుని బయటికెళ్ళి భార్యను కళ్ళారా చూసుకోవాలని వారం నుంచీ ఉబలాటపడుతున్నాడు. ఆమెనూ ఆ వేళకే రమ్మన్నాడు.

నోటికాడి ముద్ద లాగేయడానికి చేపల పడవొకటి వచ్చింది. కుడివైపు నుంచి అడ్డంగా వస్తోంది, దారి ఇవ్వాల్సింది ఓడే. సైలస్ ఓడను కుడికి తిప్పించాడు. పడవవాడికేం బుద్ధి పుట్టిందో, సగంలో ఇంజను ఆపేసి వల లాగడం మొదలుపెట్టాడు.

వాచ్ అందుకోవడానికి నిరంజన్ వచ్చాడు, వరంగల్ కుర్రాడు.

“నేను చూస్కుంటా, నువ్వు పో అన్నా. వదిన వచ్చి ఉంటది.”

“పడవ దాటాలి. అప్పటిదాకా ఇవ్వను.”

తప్పించే పని మధ్యలో ఓడ చేతులు మారకూడదు. ఆ రూలు రాసిన మహానుభావుడికి పెళ్ళయి ఉండదు. అయినా సైలస్ పడవ మీంచి కళ్ళు తియ్యలేదు. “నువ్వెళ్ళి నా బదులు చెయ్యి ఊపరా,” అన్నాడు. నిరంజన్ బయటికెళ్ళాడు.

పడవ దాటింది. వాచ్ అప్పగించి బయటికి పరిగెత్తేసరికి రువైస్ మసకలో కలిసిపోయింది. బైనాక్యులర్స్ నిండా నీళ్ళే.

లంగరు వేశాక ఫోన్ కలిసింది.

“చూశానండీ!” పెర్సిస్ ఏడుస్తూ నవ్వుతోంది. “చీమంత కనబడ్డారు. అయినా ఆ చెయ్యి ఊపడం చూడగానే మీరేనని గుర్తుపట్టేశాను. నేను కనబడ్డానా?”

“కనబడకేం,” అన్నాడు సైలస్.

ఏ చీర కట్టావని అడగాలని ప్రాణం కొట్టుకుంది. చూసినవాడు ఎలా అడుగుతాడు? ఫోన్ పెట్టేసి తిన్నగా నిరంజన్ దగ్గరికి వెళ్ళాడు.

“ఒరేయ్, మీ వదిన ఏం రంగు కట్టుకుందిరా?”

“గంత దూరం నుంచి ఏం కనబడ్తదన్నా. ఎర్రగ ఏదో ఊగింది. గంతే.”

ఎరుపు. అదే చాలనుకుని పడుకున్నాడు. చాలలేదు.