సంగీత మార్కు మామిడి తాండ్ర

అచ్చు చెక్కేవాడికి రెండు చూపులుండాలి. ఒకటి తిన్నగా చూసేది, ఇంకొకటి తిరగేసి చూసేది. అప్పలసూరికి రెండూ ఉన్నాయని గజపతినగరమంతా ఒప్పుకునేది. బీడీకట్టల మీది పులి, బట్టల కొట్టు కరపత్రం మీది నెమలి, నాటకాల నోటీసు మీది గద పట్టిన భీముడు, ఏదైనా సరే టేకు చెక్క మీద కుడిఎడమలు తిప్పి చెక్కి విజయనగరం ప్రెస్సుకి పంపేవాడు. కాయితం మీద తిన్నగా పడేది. ఇన్నేళ్లలో ఒక్క అచ్చు వెనక్కి వచ్చింది లేదు. అలాంటివాడు, జన్మకొక్కసారి చిన్ననాటి స్నేహితుడి బొమ్మ చెక్కే భాగ్యం వస్తే, తిప్పడం మరిచిపోయాడు! ఖర్మ కాకపోతే ఏమిటి చెప్పండి.

ఆ స్నేహితుడు సూర్యారావు. సినిమాలకి సంగీత దర్శకుడు. ఇద్దరూ ఒకే వీధిలో పెరిగారు, చుట్టరికం లేకపోయినా బావా అంటే బావా అనుకున్నారు. నాటకాల కంపెనీ వదిలేసిపోయిన హార్మోనియం పెట్టె ఒకటి దొరికింది వాళ్లకి. దాని తిత్తికి అన్నీ చిల్లులే, ఒక చేత్తో కొడితే గాలి నిలిచేది కాదు. అందుకని అప్పలసూరి ఎదురుగా కూర్చుని రెండు చేతులా తిత్తి కొట్టేవాడు, ఇవతల సూర్యారావు మెట్లు వాయించేవాడు. ఆ విద్యతోనే సూర్యారావు మద్రాసు రైలెక్కాడు. అక్కడ చాలాకాలం పెద్దవాళ్ల వెనక కూర్చుని హార్మోనియం పట్టాడు, వాళ్ల తిట్లు తిన్నాడు, తరవాత సొంతంగా పాటలు కట్టాడు. ఆయన కట్టిన ఊయల పాట ఒకటి వచ్చిన ఏడు, పార్వతీపురం నుంచి భోగాపురం దాకా ఆ పాట పాడకుండా బిడ్డని నిద్రపుచ్చిన తల్లి లేదు.

ఇక జగన్నాధం సంగతి. ఈయన మామిడి తాండ్ర వ్యాపారి. ఎండలు ముదిరాయంటే ఆయన పెరడంతా చాపలే. చాప మీద మామిడిరసం పల్చగా పొయ్యడం, అది ఎండాక ఇంకో పొర పొయ్యడం. కింది పొర పచ్చిగా ఉండగా తొందరపడి పోస్తే పైకి బంగారంలా కనిపిస్తుంది, లోపల బూజు పడుతుంది. ఆ పనిలో జగన్నాధానికి పేరుంది. కానీ ఆ మధ్య గోదావరి జిల్లాల నుంచి రంగు కాయితాల్లో చుట్టిన తాండ్ర బజార్లోకి దిగింది. అడ్డాకుల్లో కట్టిచ్చే ఈయన సరుకు ముఖం ఎవరూ చూడ్డం మానేశారు.

"ఒరే అప్పలసూరీ, జనం సరుకు రుసి సూడ్డం మానీసి బొమ్మ సూత్తన్నార్రా. మనకీ ఒక మార్కు గావాల" అన్నాడు జగన్నాధం. "మన సూర్యారావు బాబు బొమ్మ ఏద్దాం. సంగీత మార్కు! ఆయన పాట మజ్జిలో ఆపి, మనకి తాండ్ర పెడతన్నట్టు ఉండాల. ఎలగుంటాది?"

"బెమ్మాండంగా ఉంటాది బాబూ" అన్నాడు అప్పలసూరి. ఛాతీ రెండింతలైంది మరి.

సూర్యారావు ఒప్పుకుని, ఒక ఫొటో పంపాడు. కుడి భుజం మీంచి కిందిదాకా శాలువా కప్పుకుని కూర్చున్న ఫొటో. అందులో ముఖం తప్ప చేతులు సరిగ్గా కనపడవు. అప్పలసూరికి అదేం లెక్క? ఆ చేతులు తనకి తెలియనివా! మామూలుగా అయితే పల్చటి కాయితం మీద బొమ్మ గీసి, దాన్ని బోర్లించి చెక్క మీద దించేవాడు. ఈసారి పొగరెక్కింది. మా బావ బొమ్మకి కాయితం సాయం కావాలా అని నేరుగా చెక్క మీదే గీసేశాడు. ఎడంచెయ్యి హార్మోనియం తిత్తి మీద, కుడిచేతిలో తాండ్ర ముక్క. అలవాటు కొద్దీ అక్షరాలు మాత్రం తిప్పే చెక్కాడు. బొమ్మని మురిపెంతో తిన్నగా చెక్కేశాడు. నమూనా తీసి చూసుకుందామన్న బుద్ధి కూడా పుట్టలేదు ఆ మహానుభావుడికి.

మార్కు విడుదల నాడు తానే వస్తానని సూర్యారావు కబురు చేశాడు. ముందురోజు సాయంత్రం రైలు దిగాడు, వెంట భార్య కన్యాకుమారి. మే నెల ఎండల్లో కూడా ఆ శాలువా అలాగే ఉంది. స్టేషన్లో ఊరిపెద్దలు నమస్కారాలు పెడితే తల పంకించాడే తప్ప చెయ్యెత్తలేదు. అప్పలసూరి ముందుకు తోసుకుని వెళ్లి, "బావా!" అంటూ చెయ్యి పట్టుకోబోయాడు. సూర్యారావు గబుక్కున పక్కకి తప్పుకున్నాడు. "బాగున్నావురా?" అన్నాడు, ఆ మాట కూడా ఎటో చూస్తూనే. జగన్నాధం ఇంట్లో నలుగురితో కూర్చుని భోజనం చెయ్యలేదు. మేడ మీద గదిలోకి తెప్పించుకుని తలుపు వేయించుకున్నాడు.

"మద్రాసు గాలి మరి. మనం కంటికి ఆనతామేటి!" అనుకున్నారు జనం. అప్పలసూరి మనసు చివుక్కుమంది. చిల్లుల తిత్తి కొట్టి కొట్టి నా రెక్కలు పడిపోతే వచ్చిన విద్య కదా అది, అనుకుంటూ ఇంటికి పోయాడు.

తెల్లవారేసరికి ప్రెస్సు నుంచి కట్టలు దిగాయి. రంగు అదిరింది, అక్షరాలు ముత్యాలు. జగన్నాధం పొంగిపోయి, చాపల దగ్గర రసం పోస్తున్న జగ్గమ్మకి ఒక కాయితం చూపించాడు.

జగ్గమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "బాగున్నాది గానీ బాబూ, ఈ బాబేటి ఎడం సేత్తో పెడతన్నాడు?"

అంతే. పెరట్లో ఉన్న ఆడవాళ్లంతా మూగారు. ఒకర్తె కిసుక్కుమంది. ఇంకొకర్తె కొంగు అడ్డం పెట్టుకుంది. జగన్నాధం కాయితం లాక్కుని చూశాడు, ముఖం కందగడ్డ అయింది. తినేవస్తువు ఎడంచేత్తో పెట్టడమా! పెళ్లిలో తాంబూలం ఎడంచేత్తో ఇస్తే లేచిపోయే ఊరది.

"ఒరే అప్పలసూరీ! ఇదేట్రా? ఎడం సేత్తో పెట్టిన తిండి ఎవుడు కొంటాడ్రా? నా కొంప ముంచీసినావు కదరా!"

చూడగానే తెలిసింది అప్పలసూరికి, తప్పు తనదేనని. బోర్లించలేదు, అంతే, ఇంకేమీ లేదు. తప్పయిపోయింది బాబూ అనొచ్చు. అంటే రేపటి నుంచి ఈ వీధిలో ఒక్కడు అచ్చు చెక్కించడు. 'తిరగెయ్యడం రానోడు' అనే పేరు చచ్చేదాకా పోదు. అబద్ధం ఆడినా అతికినట్టుండాలంటారే, ఆ అతుకు క్షణంలో దొరికింది వాడికి. నిన్నటి కచ్చ కూడా ఎక్కడో ఒక చెయ్యి వేసింది.

"తప్పేటి బాబూ? ఆయన ఎడంసేతి వాటం. సిన్నప్పట్నుంచీ అంతే. వాయించినా, తిన్నా ఎడం సెయ్యే. నాకు తెల్సు గనక నిజం సెక్కినాను" అన్నాడు. గొంతు వణకలేదు. అదే వాడికి తరవాత ఎక్కువ సిగ్గేసిన సంగతి.

జగన్నాధం ఒక్క నిమిషం ఆలోచించాడు. వ్యాపారి కదా, ముఖంలో మెల్లగా వెలుగొచ్చింది. "అలగా! అయితే మరీ మంచిది. ఇలాటి బొమ్మ ఎవుడికీ ఉండదు. సాయంకాలం సభలో ఆ మాటే సెప్పీద్దాం."

అక్కడ చెబుతాడని అప్పలసూరి అనుకోలేదు. కాలు జారితే లేవొచ్చు, నోరు జారితే ఏం చేస్తాం? మేడ మీదికి వెళ్లి సూర్యారావు కాళ్లమీద పడదామని రెండు మెట్లెక్కాడు. తలుపు వేసే ఉంది. నిన్న తప్పుకున్న మనిషి ఇవాళ వింటాడా అనుకుని దిగిపోయాడు. నిజానికి భయపడి దిగిపోయాడు.

ఎండ వాలాక పెరట్లోనే పందిరి కింద సభ జరిగింది. ఊరంతా వచ్చింది. పొట్లాలు చేతికి రాగానే గుసగుసలు మొదలయ్యాయి, తరవాత నవ్వులు. అప్పలసూరి పందిరి రాట వెనక తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

జగన్నాధం లేచి చేతులు జోడించాడు. "నవ్వకండి బాబూ! మన సూర్యారావు గారు ఎడంసేతి వాటం మనిషి. పాట కట్టినా ఆ సెయ్యే, నలుగురికి పెట్టినా ఆ సెయ్యే! ఆయన సిన్ననాటి స్నేహితుడు అప్పలసూరే ఈ మాట సెప్పినాడు. బాబూ, తమరు ఎడంసేత్తో ఒక్క పాట వాయించి సూపించీండి, ఈళ్ల నోళ్లు మూతడిపోతాయి."

సూర్యారావు ముఖంలో నెత్తుటిచుక్క లేకుండా పోయింది. పక్కన కన్యాకుమారి సగం లేచి, మళ్లీ కూర్చుంది. సూర్యారావు కళ్లు జనంలో వెతికాయి, రాట వెనక ఆగాయి. అప్పలసూరి తల దించేసుకున్నాడు. అయిపోయింది, ఇప్పుడు 'ఎవడ్రా ఆ కూత కూసింది' అంటాడు, అనేస్తాడు, అనుకున్నాడు.

"అవును" అన్నాడు సూర్యారావు. "నిజమే. నాది ఎడంచేతి వాటమే."

అప్పలసూరి తన చెవుల్ని తానే నమ్మలేదు.

"పెట్టె తెండి. అప్పలసూరీ, ఎక్కడున్నావురా? ఇలా రా. తిత్తి కొట్టు."

జనం దారిచ్చారు. అప్పలసూరి వెళ్లి పెట్టెకి ఎదురుగా కూర్చున్నాడు, పూర్వం కూర్చున్నట్టే. సూర్యారావు ఎడంచేత్తో శాలువా సర్దుకోబోయాడు. అది జారింది. ఒళ్లో పడుంది కుడిచెయ్యి. వేళ్లు లోపలికి ముడుచుకుని, తోటకూర కాడలా వాలిపోయిన చెయ్యి. ఊయల పాట కట్టిన చెయ్యి. సూర్యారావు శాలువా గబగబా మళ్లీ లాక్కున్నాడు. ఎదురుగా ఉన్న అప్పలసూరి తప్ప ఇంకెవరూ చూడలేదు.

ఎత్తని నమస్కారం, పట్టుకోనివ్వని చెయ్యి, మూసిన తలుపు వెనక భోజనం. ఒక్కొక్కటే వచ్చి చెంపమీద కొట్టాయి అప్పలసూరిని. గర్వమనుకున్నాడే! ఆ గర్వానికి శిక్షగా అన్నట్టు బావ పేరు మీద అబద్ధమాడాడే! ఆ మనిషి ప్రాణంలా దాచుకున్నదాన్ని ఊరిమధ్యకి ఈడ్చుకొచ్చింది తన నోరే కదా. భూమి బద్దలైతే అందులోకి పోదామనిపించింది. భూమి బద్దలు కాలేదు. తిత్తి కొట్టాలి, కొట్టాడు.

సూర్యారావు ఎడంచేతి వేళ్లు మెట్ల మీద తడబడ్డాయి. ఊయల పాటే ఎత్తుకున్నాడు. నాలుగైదు చోట్ల స్వరం తప్పింది. తప్పినచోట జగ్గమ్మ గొంతు కలిపింది, దాని వెనక మిగతా ఆడవాళ్లు. ఆఖరుకి పందిరంతా పాడింది, తప్పులన్నీ ఆ పాటలో మునిగిపోయాయి. చప్పట్లు ఆగలేదు. "ఎడం సేత్తోనే ఇలగ వాయించినాడంటే మాటలేటి!" అన్నారు ఇందాక నవ్వినవాళ్లే. జగన్నాధం తెచ్చిన సరుకంతా అక్కడికక్కడే అమ్ముడుపోయింది.

సభ ముగిశాక సూర్యారావు అప్పలసూరిని మేడ మీదికి రమ్మన్నాడు. తిట్టడానికే అనుకుని వెళ్లాడు. తిడితే బాగుండునని కూడా అనుకున్నాడు.

కన్యాకుమారి తలుపు దగ్గరగా వేసి కిందికి వెళ్లింది. సూర్యారావు మంచం మీద చేరబడ్డాడు. శాలువా తీసేశాడు. మద్రాసు భాష కూడా ఎక్కడో వదిలేశాడు.

"కిందటేడు రికార్డింగులో ఉండగానే పడిపోనాది బావా ఈ సెయ్యి. ఎవుడికీ సెప్పలేదు. నిర్మాత ముందర కూకుని పెట్టె వాయించి, వరస వినిపించాల కదా. సెయ్యి లేనోడింటి గుమ్మం ఎవుడు తొక్కుతాడు? ఒంట్లో నలతన్నాను, ఇస్రాంతన్నాను. వచ్చీ సినిమాలన్నీ ఎల్లిపోనాయి. నా పెళ్లాం సేతి ముద్ద తింతన్నాను, సిన్నపిల్లోడిలాగ." ముడుచుకున్న వేళ్లని ఎడంచేత్తో సర్దుకున్నాడు. "ఇక్కడికి రాటానికి ఎంత సిగ్గుపడ్డానో తెల్సా? స్టేషన్లో నువ్వు సెయ్యి పట్టుకోబోతే ప్రాణం పోనాది."

"బావా..." అన్నాడు అప్పలసూరి. ఇప్పుడు చెప్పాలి. బోర్లించడం మరిచిపోయానని, నన్ను నేను కాపాడుకోడానికి నీమీద అబద్ధమాడానని చెప్పాలి.

"నన్ను సెప్పనీ. ఆ ఫొటోలో శాలువా కింద సెయ్యి దాసీసి తీయించుకున్నాను. మద్రాసంతా సూసినాది, ఒక్కడికీ తెల్లేదు. నువ్వు ఇంత దూరాన్నుంచి సూసీసినావు. ఎడంసెయ్యి సెక్కినావు. పైగా నాను సభకి దిగీసరికి, ఎడంసేతి వాటమని ఊరికి సెప్పి ఉంచినావు, నా పరువు పోకుండా." సూర్యారావు కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇంక ఈ ఊళ్లో నాను దాసుకోనక్కర్లేదు. ఎడంసేత్తో తిన్నా అడిగీవోడు లేడు. ఎలగ తెల్సిందిరా నీకు?"

పక్కనున్న పొట్లం ఒళ్లో పెట్టుకుని ఎడంచేత్తోనే కష్టపడి విప్పాడు. కాయితం మీద నవ్వుతున్న తన బొమ్మని ఒక్కసారి తడిమి, తాండ్ర ముక్క తుంచి చెయ్యి చాపాడు. అచ్చంగా బొమ్మలో ఉన్నట్టే.

"తిను. ఎడం సెయ్యి, ఏటనుకోకు."

అప్పలసూరి దోసిలి పట్టి అందుకున్నాడు. నోట్లో పెట్టుకున్నాడు. పొద్దున పోసిన అబద్ధం పొరే ఇంకా ఆరలేదు. దానిమీద ఇంకొకటి పొయ్యకూడదని వాడికి తెలుసు. కానీ ఎదురుగా ఉన్న ఆ ముఖం చూస్తూ నిజం చెప్పడమెలాగో తెలియలేదు.

"ఫొటో సూసీసరికే తెల్సిపోనాది బావా" అన్నాడు. "నీ సేతులు నాకు తెల్దేటి?"

సూర్యారావు పనిచేసే ఆ ఒక్క చెయ్యీ ఎత్తి వాడి తలమీద పెట్టాడు. అప్పలసూరి తల వంచుకుని అలాగే కూర్చున్నాడు, నోట్లో తాండ్ర మింగలేక, కక్కలేక.