అయ్యగారి వెనకాల

మెన్నోనైట్ క్రైస్తవుల ఇంట్లో పుట్టిన వినీత, బైబిలు చదువు ముగియగానే పల్లె సంఘాల్లోనే సేవ చేస్తానని పట్టుబట్టి గొల్లపల్లి అవతలి చిన్న ఊరికి వచ్చింది. అక్కడి పాస్టరు ఏసుపాదాన్ని నక్సలైట్ల గొడవల కాలంలో ఎవరో అడవిలోకి తీసుకుపోయారు. ఆయన తిరిగి రాలేదు. ఆయన స్థానంలోకి రావడానికి ఎవరూ సాహసించలేదు.

మొదటి ఆదివారం పొద్దున రేకుల చర్చి నిండిపోయింది. వినీత సంబరంగా లేచి నిలబడి ఏసు నేర్పిన పరలోక ప్రార్థన మొదలుపెట్టబోయింది. అంతలో జనం కళ్లు మూసుకుని కాసేపు ఊరకున్నారు. ఆ తర్వాత ఒక్క గొంతుతో ప్రార్థనలోని మొదటి మాట అన్నారు. మళ్లీ ఆగారు, మళ్లీ అన్నారు.

"ఎందుకలా ఆగుతున్నారు పెద్దమ్మా?" అని ముందు వరసలో కూర్చున్న వెంకమ్మను మెల్లగా అడిగింది.

"ఏసుపాదం అయ్యగారు ముందు చెప్తడు బిడ్డా, ఆయన వెనకాల మేం చెప్తం. నీకు ఇనబడ్తలేదా?"

వినీత ఎంతో ఆశగా సిద్ధం చేసుకున్న ప్రసంగం కాగితాలను బైబిల్లో పెట్టి మూసేసింది. ఆమె వెళ్లి వెంకమ్మ పక్కన చాప మీద కూర్చుని కళ్లు మూసుకుంది.

ఈసారి మౌనంలో, ఖాళీగా ఉన్న ప్రసంగ బల్ల దగ్గర, ఎవరో మాట్లాడబోతూ ఊపిరి పీల్చుకున్న చప్పుడు వినిపించింది. ఆమె లేవలేదు. అందరితో పాటు తర్వాతి మాట అంది.