చర్మం కింది చప్పుడు

పొద్దున్నే గోరువెచ్చని నీళ్ళలో పావుగంట చేతులు నానబెట్టుకుంటే తప్ప, చిరిగిన బట్టలకి రఫ్ఫు కుట్టే ఆవిడకి సూది పట్టు చిక్కేది కాదు. చలి తగిలితే చాలు, వేళ్ళు పాలిపోయి, నీలం తిరిగి, చురుక్కుమనేవి. ఏడాది తిరిగేసరికి చర్మం బిగుసుకుపోయి పిడికిలి మూతపడటం మానేసింది. ఆ చర్మం కింద ఎవరో మాట్లాడుకుంటున్నట్టు గుసగుసలు, మధ్య మధ్య దారం లాగుతున్నట్టు సర్రుమని చప్పుడు.

"మీవాళ్ళు ఇవాళ మహా జోరు మీదున్నారే!" అనేవాడు కొట్టు యజమాని ఆ చప్పుడు విని, చిరిగిన కోటు అందిస్తూ. అంతే.

డాక్టరు ఆమె మోచేతికి చెవి ఆనించి విన్నాడు. "స్క్లెరోడెర్మా అమ్మా. ఒంట్లో కాపలా కణాలు, తగలని దెబ్బ తగిలిందనుకుని, మరమ్మతు కణాల్ని తరుముతున్నాయి. అవేమో నార మీద నార అల్లేస్తున్నాయి. ఊపిరితిత్తుల దాకా వెళ్తే కష్టం. ఈ మాత్రలతో సద్దుమణుగుతాయి."

"చప్పుడు కూడా పోతుందా?"

"పోతుంది మరి."

మాత్రల డబ్బా తెచ్చి బీరువా మీద పెట్టింది. పెట్టిందంతే. భర్త పోయి నాలుగేళ్ళు. ఆ రెండు గదుల్లో పలకరించే నోరు లేదు. అన్నం తింటూ ఆ గుసగుసలు వింటుంటే ఇంట్లో నలుగురున్నట్టుండేది. "ఏమర్రా, ఇంకా తెమల్లేదా?" అని అడిగేది కూడా.

మెట్లెక్కితే ఆయాసం మొదలైంది. వయసు మీద పడుతోందని సరిపెట్టుకుంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం తలుపు తట్టింది పక్క వాటాలో ఉండే పెద్దావిడ, రిటైరైన టైపిస్టు. ఇన్నేళ్ళలో ఎదురుపడితే తలూపడమే తప్ప మాట లేదు.

"ఏమనుకోకమ్మాయ్. నీవాళ్ళ చప్పుడు గోడలోంచి వినబడుతుంది నాకు. మొన్నటిదాకా సన్నగా ఉండేది. రెండు రోజులుగా బోలుగా మోగుతోంది. చేతుల్లోంచి కాదు, ఎదలోంచి."

ఏదో చెప్పబోతే దగ్గు తెర అడ్డొచ్చింది. పెద్దావిడ బీరువా మీది డబ్బా చూసింది. సీలైనా తీయలేదు.

"చెప్పులేసుకో," అంది.

ఆసుపత్రిలో గొట్టంలోకి ఊదించారు, స్కానింగ్ తీశారు. "ఊపిరితిత్తుల అడుగున కాస్త పట్టింది. ఇంకో ఆర్నెల్లు ఆగుంటే నేనూ చేతులెత్తేసేవాణ్ణి," అన్నాడు డాక్టరు.

పెద్దావిడ ముందర కూర్చుని మరీ మాత్రలు మింగించింది. ఆయాసం ఇక పెరగలేదు. వేళ్ళు మాత్రం మునుపట్లా వంగలేదు. చప్పుడు రోజురోజుకీ సన్నగిల్లి, ఒక మంగళవారం ఆమె పొయ్యి మీద పాలు పెట్టిన నిమిషంలో ఆగిపోయింది. ఇల్లు బావురుమంది. ఆమె గోడకి చేరగిలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.

పెద్దావిడ తలుపు తోసుకుని వచ్చింది.

"ఆగిపోయింది," అందామె.

"తెలుసు." పెద్దావిడ పక్కనే చతికిలబడింది. "నాకు మాత్రం ఎవరున్నారు? అటు పక్క ఆ గోడకే కుర్చీ వేసుకుని, ఆ చప్పుడు వింటూ కూర్చునేదాన్ని."

వంగని వేళ్ళు చూపిస్తూ ఆమె అంది:

"పిన్నిగారూ, ఆ పాలు కాస్త దించండి. పొంగిపోతున్నాయి."